సౌరకాంతితో నీటిని విడగొట్టే ఉత్ప్రేరకాలు

సూర్యరశ్మినే శక్తి వనరుగా చేసుకుని నీటి అణువులను హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొట్టే పదార్థాలను కాంతి ఉత్ప్రేరకాలు అంటారు. ఉత్ప్రేరకమంటే తాను ఖర్చు కాకుండా రసాయన చర్య వేగాన్ని పెంచే పదార్థమని సాధారణ నిర్వచనం. శక్తిపరంగా దిగువకు సాగే చర్యను అది త్వరపెట్టగలదే తప్ప ఎగువకు నడపలేదు. నీరు విడిపోవడం ఎగువకు సాగే చర్య కాబట్టి, ఇక్కడి పదార్థం కాంతిని పీల్చుకుని ఆ శక్తిని చర్యకు అందించాలి, చర్య జరగడానికి అనువైన ఉపరితలాన్నీ తానే సమకూర్చాలి. ఈ రెండు పనులనూ ఒక్కటే సమర్థంగా చేయగల పదార్థం ఇంతవరకు దొరకలేదు. అర్ధ శతాబ్దానికి పైబడిన ఈ రంగపు చరిత్ర చాలావరకు ఆ పనులను వేర్వేరు పదార్థాలకు పంచిపెట్టి, అవి ఒకదాని పనిని మరొకటి చెడగొట్టకుండా చూసుకోవడం నేర్చుకున్న చరిత్ర.

ఒక కిలో హైడ్రోజన్‌ను మండిస్తే సుమారు 33 కిలోవాట్ గంటల శక్తి వెలువడుతుంది, మిగిలేది నీటి ఆవిరి మాత్రమే. దాన్ని తయారుచేయడానికి సిద్ధాంతరీత్యా తొమ్మిది లీటర్ల నీరు చాలు. ప్రపంచంలో నేడు ఎరువుల కర్మాగారాలు, చమురు శుద్ధి కేంద్రాలు వాడుతున్న హైడ్రోజన్‌లో అత్యధిక భాగం సహజ వాయువు నుంచి, బొగ్గు నుంచి వస్తోంది. సహజ వాయువును ఆవిరితో చర్య జరిపి తీసిన ప్రతి కిలో హైడ్రోజన్‌కూ తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. నీటి నుంచి ఎండతో హైడ్రోజన్ తీయాలన్న ప్రయత్నానికి కారణం ఇదే.

చర్య శక్తి లెక్క

ఒక మోల్ నీటిని, అంటే 18 గ్రాములను, విడగొట్టడానికి కనీసం 237 కిలోజౌళ్ల శక్తి కావాలి. దీన్ని ఒక్కో ఎలక్ట్రాన్‌కు పంచితే 1.23 వోల్టులవుతుంది. కాంతి కణమైన ఫోటాన్ ఒక్కొక్కటి ఒక్కో ఎలక్ట్రాన్‌ను కదిలిస్తుందనుకుంటే, ఆ ఫోటాన్‌కు 1.23 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉండాలి. అది దాదాపు 1000 నానోమీటర్ల తరంగదైర్ఘ్యానికి సరిపోతుంది. ఆ లెక్కన కంటికి కనిపించే కాంతి అంతా, పరారుణ కాంతిలో కొంత భాగం కూడా నీటిని విడగొట్టడానికి పనికి రావాలి. ఆచరణలో అలా జరగదు, ఎందుకంటే చర్య ప్రతి మెట్టులోనూ కొంత అదనపు వోల్టేజి ఖర్చవుతుంది. దాన్ని అధిక వోల్టేజి అంటారు. అందువల్ల ఒకే పదార్థంతో పని జరగాలంటే దాదాపు రెండు ఎలక్ట్రాన్ వోల్టులు, అంతకు మించిన శక్తి గల ఫోటాన్లే ఉపయోగపడతాయి.

కాంతిని పీల్చుకునే బాధ్యత అర్ధవాహకానిది. దానిలోని ఎలక్ట్రాన్లు సంయోజక పట్టీ అనే దిగువ శక్తి స్థాయిల సమూహంలో నిండుగా ఉంటాయి. దాని పైన వాహక పట్టీ అనే ఖాళీ సమూహం ఉంటుంది. ఈ రెండింటి నడుమ ఎలక్ట్రాన్ నిలవలేని మేరను పట్టీ అంతరం అంటారు. పట్టీ అంతరానికి మించిన శక్తి గల ఫోటాన్ తగిలినప్పుడు ఒక ఎలక్ట్రాన్ పై పట్టీకి ఎగిరి, కింద తన చోట ధనావేశంలా ప్రవర్తించే ఒక ఖాళీని, అంటే రంధ్రాన్ని, విడిచిపెడుతుంది. ఆ ఎలక్ట్రాన్ నీటిలోని హైడ్రోజన్ అయాన్లను క్షయకరించి హైడ్రోజన్ వాయువును ఇవ్వాలి, ఆ రంధ్రం నీటిని ఆక్సీకరించి ఆక్సిజన్‌ను ఇవ్వాలి. ఇందుకు అంతరం తగినంత ఉంటే సరిపోదు, పట్టీలు ఉన్న ఎత్తు కూడా కుదరాలి: వాహక పట్టీ అడుగు హైడ్రోజన్ పుట్టే స్థాయికి పైన, సంయోజక పట్టీ అంచు ఆక్సిజన్ పుట్టే స్థాయికి కింద ఉండాలి. తుప్పులో ఉండే ఐరన్ ఆక్సైడ్ చౌకైనది, విషం లేనిది, 2.1 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరంతో ఎండను బాగానే పీల్చుకుంటుంది. అయినా దాని వాహక పట్టీ అవసరమైన ఎత్తులో లేకపోవడం వల్ల బయటి నుంచి విద్యుత్ తోడ్పాటు లేనిదే హైడ్రోజన్ ఇవ్వలేదు. పైగా దానిలోని రంధ్రాలు కొద్ది నానోమీటర్ల దూరం పోయేలోపే ఎలక్ట్రాన్లతో కలిసి మాయమైపోతాయి.

ఎలక్ట్రాన్, రంధ్రం తిరిగి కలిసిపోవడాన్ని పునస్సంయోగం అంటారు. ఈ రంగంలో అసలు చిక్కు ఇదే. పుట్టిన ఆవేశాల్లో అధిక భాగం సెకనులో కోటానుకోట్ల వంతులోనే మొదలుకొని మైక్రోసెకన్ల లోపు పునస్సంయోగం చెందుతుంది. నీటి ఆక్సీకరణం మాత్రం మిల్లీసెకన్ల నుంచి సెకన్ల కాలం తీసుకుంటుంది, ఎందుకంటే ఒక్క ఆక్సిజన్ అణువు పుట్టాలంటే నాలుగు రంధ్రాలు ఒకే చోట వరుసగా పోగుపడాలి. కాంతిని పీల్చుకోవడం సులభం, హైడ్రోజన్‌ను పుట్టించడం కూడా అంత కష్టం కాదు. ఆవేశాలను అంతసేపు విడివిడిగా నిలబెట్టడం, నాలుగు రంధ్రాల పనిని పూర్తి చేయించడం కష్టం.

టైటానియం డయాక్సైడ్ నుంచి స్ట్రాన్షియం టైటనేట్ దాకా

టోక్యో విశ్వవిద్యాలయంలో కెనిచి హోండా వద్ద పరిశోధన విద్యార్థిగా ఉన్న అకిరా ఫుజిషిమా 1960ల చివర్లో రూటైల్ రూపంలోని టైటానియం డయాక్సైడ్ స్ఫటికాన్ని ఒక ఎలక్ట్రోడ్‌గా, ప్లాటినంను రెండో ఎలక్ట్రోడ్‌గా అమర్చి, స్ఫటికంపై కాంతిని ప్రసరింపజేసినప్పుడు దాని ఉపరితలం నుంచి ఆక్సిజన్, ప్లాటినం వద్ద హైడ్రోజన్ వెలువడటాన్ని గమనించాడు. ఆ ఫలితం 1972లో నేచర్ పత్రికలో వెలువడింది. మరుసటి ఏడాది చమురు సంక్షోభం తలెత్తడంతో దానికి అనుకోని ప్రచారం దొరికి, ప్రపంచమంతటా ప్రయోగశాలలు ఈ దారి పట్టాయి.

టైటానియం డయాక్సైడ్ తెల్ల రంగుల్లో, పౌడర్లలో వాడే మామూలు పదార్థం. నీటిలో, వెలుతురులో చెడిపోదు. కానీ దాని పట్టీ అంతరం రూటైల్ రూపంలో 3.0, అనటేస్ రూపంలో 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే అది పీల్చుకోగలిగేది సుమారు 400 నానోమీటర్ల లోపలి అతినీలలోహిత కాంతిని మాత్రమే. నేలను చేరే సూర్యశక్తిలో ఆ కాంతి వాటా నాలుగైదు శాతం. ఆ వాటానంతా ఒక్క ఫోటాన్ కూడా వృథా పోకుండా వాడుకున్నా, ఎండ శక్తిలో రెండు శాతానికి మించి హైడ్రోజన్‌గా మారదు. 500 నానోమీటర్ల దాకా పీల్చుకోగలిగితే ఆ పరిమితి 8 శాతానికి, 600 దాకా అయితే 16 శాతానికి పెరుగుతుంది. ఈ మూడు అంకెలూ మనసులో ఉంచుకుంటే ఆ తర్వాతి పరిశోధన ఎందుకు రంగు పదార్థాల వెంట పడిందో బోధపడుతుంది.

రంగు పదార్థాల కంటే ముందు చెప్పుకోవలసింది స్ట్రాన్షియం టైటనేట్ గురించి. ఇదీ అతినీలలోహిత కాంతినే పీల్చుకుంటుంది, కానీ దీని వాహక పట్టీ రూటైల్ కంటే కాస్త ఎత్తులో ఉండటం వల్ల బయటి వోల్టేజి లేకుండానే నీటిని విడగొట్టగలదు. 1980లో కజునారి డోమెన్ తదితరులు దీని పొడిపై నికెల్ ఆక్సైడ్ చేర్చి, తీగలూ ఎలక్ట్రోడ్లూ లేకుండా, కేవలం ఆ పొడితో నీటి ఆవిరి నుంచి రెండు వాయువులనూ రాబట్టారు. ఆ తర్వాత చాలాకాలం దాని సామర్థ్యం తక్కువగానే ఉండిపోయింది. ఈ పొడిని కరిగిన స్ట్రాన్షియం క్లోరైడ్ ఉప్పులో ఉంచి అధిక ఉష్ణోగ్రత వద్ద కాల్చినప్పుడు అది ఒక్కసారిగా మెరుగుపడింది. కారణం వెతికితే, కాల్చడానికి వాడిన అల్యూమినా మూస నుంచే కొద్దిపాటి అల్యూమినియం కరిగి స్ఫటికంలోకి చొరబడిందని తేలింది. స్ట్రాన్షియం టైటనేట్‌లో కొన్ని టైటానియం పరమాణువులు నాలుగుకు బదులు మూడు ధనావేశాలతో ఉండిపోయి ఎలక్ట్రాన్లనూ రంధ్రాలనూ కలిపేసే లోపాలుగా పనిచేస్తాయి. అల్యూమినియం చేరితే అటువంటివి తగ్గిపోతాయి. 2016 నాటి ఆ పనిలో 360 నానోమీటర్ల కాంతి వద్ద క్వాంటం సామర్థ్యం, అంటే పడిన ఫోటాన్లలో చర్యకు ఉపయోగపడినవాటి శాతం, 30కి చేరింది.

2020లో డోమెన్ బృందం దాన్ని 96 శాతానికి తీసుకెళ్లింది. ఆ పొడి తయారీని కాస్త దగ్గరగా చూడటం మేలు. ఉప్పులో పెరిగిన స్ఫటికం ఒక్కొక్కటీ కోణాలు తీరిన చిన్న దిమ్మెలా ఉంటుంది, దానికి రెండు రకాల ముఖాలుంటాయి. కాంతి పడినప్పుడు ఎలక్ట్రాన్లు ఒక రకపు ముఖాలకు, రంధ్రాలు మరో రకపు ముఖాలకు చేరతాయి. పరిశోధకులు రోడియం లవణాన్ని నీటిలో కలిపి కాంతి ప్రసరింపజేస్తే, ఎలక్ట్రాన్లు అందే ముఖాల మీద మాత్రమే రోడియం లోహం పేరుకుంది. తర్వాత క్రోమియం లవణంతో అలాగే చేస్తే ఆ రోడియం రేణువుల చుట్టూ క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడింది. చివరగా కోబాల్ట్ లవణం చేరిస్తే, రంధ్రాలు చేరే ముఖాల మీద కోబాల్ట్ ఆక్సీహైడ్రాక్సైడ్ నిలిచింది. ఏ లోహం ఎక్కడ కూర్చోవాలో పరిశోధకులు నిర్దేశించనక్కరలేదు, ఆవేశాలే నిర్ణయించాయి. వాడిన రోడియం పొడి బరువులో 0.1 శాతం, క్రోమియం, కోబాల్ట్ చెరో 0.05 శాతం.

సహ ఉత్ప్రేరకాలు

పైన చెప్పిన రోడియం, కోబాల్ట్ వంటివాటిని సహ ఉత్ప్రేరకాలు అంటారు. పేరు చిన్నబుచ్చేలా ఉన్నా రసాయన చర్య జరిగేది వీటి మీదే. సంప్రదాయ అర్థంలో ఉత్ప్రేరకమన్న మాటకు అర్ధవాహకం కంటే ఇవే ఎక్కువ అర్హమైనవి.

హైడ్రోజన్ వైపు అత్యుత్తమమైనది ప్లాటినం. లోహపు ఉపరితలం హైడ్రోజన్ పరమాణువును మరీ బలంగా పట్టుకుంటే అది వదలదు, మరీ బలహీనంగా పట్టుకుంటే అసలు నిలవదు. వివిధ లోహాల బంధ బలాన్ని అడ్డంగా, చర్య వేగాన్ని నిలువుగా గీస్తే అగ్నిపర్వతం ఆకారంలో వక్రరేఖ వస్తుందని 1970ల ఆరంభంలో సెర్జియో త్రసాత్తి చూపించాడు. దాని శిఖరానికి దగ్గరగా ఉన్నది ప్లాటినం. చౌకైన ప్రత్యామ్నాయాల్లో మాలిబ్డినం డైసల్ఫైడ్ గురించి ఎక్కువ పరిశోధన జరిగింది: కందెనగా వాడే ఈ పొరల పదార్థపు చదునైన ముఖం నిష్క్రియమైనది, పొరల అంచులు మాత్రం చురుకైనవని 2005లో గణనలు, 2007లో ప్రయోగాలు తేల్చాయి. నికెల్ ఫాస్ఫైడ్, నికెల్-మాలిబ్డినం మిశ్రమ లోహం కూడా ఈ కోవలోవే.

పొడి ఉత్ప్రేరకాలలో ప్లాటినంతో మరో చిక్కుంది. హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ ఒకే పాత్రలో పుడతాయి కాబట్టి, వాటిని మళ్లీ నీరుగా కలిపే చర్యను కూడా ప్లాటినం అంతే చక్కగా ఉత్ప్రేరిస్తుంది. అష్టకష్టాలు పడి విడగొట్టింది కళ్ల ముందే కలిసిపోతుంది. రోడియం చుట్టూ క్రోమియం ఆక్సైడ్ పొర వేసేది అందుకే. హైడ్రోజన్ అయాన్లు, హైడ్రోజన్ అణువులు ఆ పొరను దాటగలవు గాని ఆక్సిజన్ దాటలేదు. డోమెన్, కజుహికో మయేదా బృందం 2006లో ప్రవేశపెట్టిన ఈ ఉపాయం లేకుండా ఆ తర్వాత వచ్చిన పెద్ద ఫలితాల్లో చాలావాటిని ఊహించలేం.

ఆక్సిజన్ వైపు రుథీనియం, ఇరిడియం ఆక్సైడ్లు బాగా పనిచేస్తాయి, కానీ ఇరిడియం ప్రపంచవ్యాప్తంగా ఏటా ఏడెనిమిది టన్నులే లభిస్తుంది. క్షార ద్రావణాల్లో నికెల్-ఇనుము హైడ్రాక్సైడ్లు దానికి దీటుగా నిలుస్తాయి. తటస్థ నీటిలో పనిచేసే కోబాల్ట్-ఫాస్ఫేట్ పొరను 2008లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో డేనియల్ నొసెరా, మాథ్యూ కానన్ రూపొందించారు. పని చేస్తూ కరిగిపోయిన కోబాల్ట్ తిరిగి అదే చోట పేరుకోవడం దాని విశేషం. మొక్కల్లో నీటిని ఆక్సీకరించే పనిని నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం పరమాణువులున్న గుత్తి చేస్తుంది. దాని పరమాణు అమరికను 2011లో జపాన్ శాస్త్రవేత్తలు స్పష్టంగా చూడగలిగారు. దాన్ని అనుకరించిన అణువులు ఎన్నో తయారయ్యాయి గాని అవేవీ ఆకులోని మూలానికి సాటి రాలేదు; దాని చుట్టూ ఉండే ప్రొటీన్ కాంతి దెబ్బకు కొద్దిసేపటికే పాడవుతుందనీ, మొక్క దాన్ని మళ్లీ మళ్లీ కొత్తగా కట్టుకుంటుందనీ ఈ పోలికలో తరచు మరచిపోతారు.

దృశ్య కాంతి వైపు

ఎండలో అతినీలలోహిత కాంతి కంటే దృశ్య కాంతి వాటా ఎంతో ఎక్కువ కాబట్టి పసుపు, నారింజ, ఎరుపు రంగు అర్ధవాహకాల వెతుకులాట సాగుతూనే ఉంది. వీటిలో కాడ్మియం సల్ఫైడ్ 2.4 ఎలక్ట్రాన్ వోల్టుల అంతరంతో, కుదురైన పట్టీలతో కాగితం మీద ఆదర్శంగా కనిపిస్తుంది. నీటిలో వెలుతురు పడగానే రంధ్రాలు నీటికి బదులు సల్ఫైడ్‌నే ఆక్సీకరించి పదార్థాన్ని కరిగించేస్తాయి. కాంతి క్షయం అనే ఈ జబ్బు నైట్రైడ్లకూ ఉంది. ఆక్సైడ్లు గట్టివే గాని వాటి సంయోజక పట్టీ ఆక్సిజన్ కక్ష్యల వల్ల లోతుగా ఉండి అంతరాన్ని పెంచుతుంది. ఆక్సిజన్‌లో కొంత భాగాన్ని నత్రజనితోనో గంధకంతోనో భర్తీ చేస్తే ఆ పట్టీ పైకి జరిగి రంగు వస్తుంది. గాలియం-జింక్ ఆక్సీనైట్రైడ్, టాంటలం ఆక్సీనైట్రైడ్ అలా పుట్టినవే. మొదటిది 2000ల మధ్యలో దృశ్య కాంతితో నీటిని పూర్తిగా విడగొట్టి, అది సాధ్యమేనని నిరూపించింది. 2009లో ఆంటోనియెట్టి, షిన్‌చెన్ వాంగ్ బృందం పరిచయం చేసిన కార్బన్ నైట్రైడ్ పూర్తిగా లోహరహితమైన పసుపు పొడి. యూరియా వంటి చవక పదార్థాలను కాల్చితే తయారవుతుంది కనుక దీనిపై వ్యాసాలు విస్తారంగా వచ్చాయి, కానీ వాటిలో నీటిని పూర్తిగా విడగొట్టినవి కొన్నే.

ఒకే పదార్థంపై భారం వేయకుండా రెండు అర్ధవాహకాలను జంటగా వాడటం మరో పద్ధతి. ఒకటి హైడ్రోజన్‌ను, రెండోది ఆక్సిజన్‌ను ఇస్తాయి. మొదటిదానిలో మిగిలిన రంధ్రాలు, రెండోదానిలో మిగిలిన ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి రద్దవుతాయి. కిరణజన్య సంయోగక్రియలోని రెండు కాంతి వ్యవస్థల క్రమాన్ని పోలిన ఈ అమరికకు జెడ్ పథకమని పేరు. ఇందులో ఒక్కో పదార్థం సగం పనే చేయాలి కనుక అంతరం తక్కువైనవీ పనికొస్తాయి; అయితే ఒక్కో హైడ్రోజన్ అణువుకు కావలసిన ఫోటాన్ల సంఖ్య రెట్టింపవుతుంది. రోడియం, లాంథనం చేర్చిన స్ట్రాన్షియం టైటనేట్‌ను, మాలిబ్డినం చేర్చిన బిస్మత్ వనడేట్‌ను పలుచని బంగారు పొర మీద పక్కపక్కన పరిచిన పలక 2016లో ఎండ శక్తిలో 1.1 శాతాన్ని హైడ్రోజన్‌గా మార్చింది.

సామర్థ్యాన్ని కొలవడం

పరిశోధన వ్యాసాల్లో ఫలితాలు తరచు గంటకు, గ్రాము ఉత్ప్రేరకానికి ఇన్ని మైక్రోమోళ్లు అన్న రూపంలో కనిపిస్తాయి. ఈ అంకెలు పాఠకుణ్ణి తప్పుదోవ పట్టించగలవు. దీపం ఎంత ప్రకాశవంతమైనదో, పాత్రలో పొడి ఎంత వేశారో అన్నదాన్ని బట్టి అవి మారిపోతాయి. అంతకంటే ముఖ్యంగా, చాలా ప్రయోగాల్లో నీటిలో మిథనాల్, ట్రైఇథనాలమీన్, సోడియం సల్ఫైడ్ వంటివి కలుపుతారు. వీటిని బలి పదార్థాలు అంటారు: రంధ్రాలు నీటికి బదులు వీటిని సులభంగా ఆక్సీకరించి ఖర్చైపోతాయి, ఆక్సిజన్ పుట్టదు, హైడ్రోజన్ జోరుగా వస్తుంది. కష్టమైన సగాన్ని పక్కకు నెట్టిన తర్వాత మిగిలిన సగంలో సాధించిన వేగం నీటి విఘటన వేగం కాదు. శుద్ధమైన నీటి నుంచి హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ 2:1 నిష్పత్తిలో వస్తున్నాయా, పడిన మొత్తం ఎండ శక్తిలో ఎంత శాతం హైడ్రోజన్‌లో నిలిచింది, ఎన్ని వందల గంటలు అలా నడిచింది అన్న మూడు ప్రశ్నలకు సమాధానమున్న ఫలితమే పోల్చదగినది.

ఆ కొలమానంతో చూస్తే, 96 శాతం క్వాంటం సామర్థ్యమున్న స్ట్రాన్షియం టైటనేట్ ఎండలో 1 శాతాన్ని కూడా అందుకోలేదు, ఎందుకంటే అది వాడుకోగలిగిన అతినీలలోహిత కాంతే ఎండలో స్వల్పం. ఈ పదార్థంతోనే టోక్యో విశ్వవిద్యాలయం తదితరులు ఇబరాకి రాష్ట్రంలోని కకియోకాలో 100 చదరపు మీటర్ల పలకల వరుసను ఆరుబయట నెలల తరబడి నడిపి, 2021లో ఫలితాలు ప్రకటించారు. 625 చదరపు సెంటీమీటర్ల పలకలు 1600 అమర్చారు. ఒక్కో పలకలో ఉత్ప్రేరకపు పొరకు, పైనున్న గాజుకు మధ్య నీటికి ఇచ్చిన చోటు 0.1 మిల్లీమీటరు. ఆ సన్నని సందు పేలుడు వ్యాపించకుండా కూడా కాపాడుతుంది. పలకల నుంచి వచ్చిన వాయు మిశ్రమంలోంచి పాలిఇమైడ్ పొరతో హైడ్రోజన్‌ను వేరు చేశారు. గరిష్ఠంగా నమోదైన సామర్థ్యం 0.76 శాతం.

రోజుకు చదరపు మీటరుకు 5 కిలోవాట్ గంటల ఎండ కాసే చోట ఆ సామర్థ్యంతో రోజుకు ఒక టన్ను హైడ్రోజన్ తీయాలంటే 200 ఎకరాలకు పైబడిన పలకలు పరచాలి. 10 శాతం సామర్థ్యముంటే 16, 17 ఎకరాలు చాలు. 2023లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో జెటియన్ మి బృందం ఇండియం గాలియం నైట్రైడ్ నానో తీగలపై కటకంతో కేంద్రీకరించిన కాంతిని ప్రసరింపజేసి, ఎండలోని పరారుణ వేడితోనే నీటిని 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి, ప్రయోగశాలలో 9.2 శాతం, ఆరుబయట 6.2 శాతం సాధించింది. 70 డిగ్రీల వేడి నీటి విఘటనను త్వరపెడుతూ, విడిపోయిన వాయువులు మళ్లీ కలిసిపోవడాన్ని తగ్గించింది.

పోటీ మార్గాలు, భారతీయ సందర్భం

ఈ పొడులకు గట్టి పోటీదారు ప్రయోగశాలలో కాదు, మార్కెట్లో ఉంది. 20 శాతం సామర్థ్యం గల సౌర ఫలకం విద్యుత్తును 70 శాతం సామర్థ్యం గల విద్యుద్విశ్లేషణ యంత్రానికి ఇస్తే, మొత్తం 14 శాతం దక్కుతుంది. ఆ రెండూ ఈ రోజున కొనుక్కోగలిగే వస్తువులు. భారత ప్రభుత్వం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్, 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ కేంద్రానికి జరిగిన శంకుస్థాపన ఆ మార్గాన్నే నమ్ముకున్నాయి. కాంతి ఉత్ప్రేరకాల పక్షాన చెప్పగలిగినదల్లా, తీగలూ ఫలకాలూ యంత్రాలూ లేని పొడి పూసిన పలక ఎంతో చౌకగా ఉండగలదన్న ఆశ. 5 నుంచి 10 శాతం సామర్థ్యం, ఏళ్ల మన్నిక రెండూ ఒకే పదార్థంలో కుదిరే వరకు ఆ చౌకదనం లెక్కకు రాదు.

తెలుగు నేలపై ఈ రంగంలో పనిచేస్తున్నవాటిలో హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయపు నానో ఉత్ప్రేరక ప్రయోగశాల చెప్పుకోదగినవి. టైటానియం డయాక్సైడ్‌పై అతి సన్నని కాపర్ ఆక్సైడ్ రేణువులను చేర్చి, గ్లిసరాల్ కలిపిన నీటి నుంచి ఎండలో హైడ్రోజన్ తీసే పద్ధతిపై కడప పరిశోధకులు విస్తారంగా పనిచేశారు. పైన చెప్పిన నిక్కచ్చి నిర్వచనం ప్రకారం ఇది నీటి విఘటనం కాదు, గ్లిసరాల్ ఇక్కడ బలి పదార్థం. అయితే గ్లిసరాల్ బయోడీజిల్ తయారీలో మిగిలే ఉప ఉత్పత్తి. శుద్ధి చేయని స్థితిలో దానికి పెద్దగా గిరాకీ ఉండదు. ఎలాగూ వదిలించుకోవలసిన వ్యర్థమే రంధ్రాలను మింగిపెడుతుంటే, అక్కడ ప్రమాణం ఎండ ఎంత శాతం హైడ్రోజన్‌గా మారిందన్నదొక్కటే కాదు, ఎంత వ్యర్థం ఎంత ఖర్చుతో తొలగిందన్నది కూడా అవుతుంది. చమురు శుద్ధి కేంద్రాల్లోని హైడ్రోజన్ సల్ఫైడ్, పరిశ్రమల మురుగునీరు వంటివాటి మీద కాంతి ఉత్ప్రేరకాలను ప్రయోగించే పరిశోధనలు ఈ లెక్క మీదే నడుస్తున్నాయి.